గాలికి దారి, చూపుకు తెర: ఇంటికి ఏ కిటికీ?

ఇల్లు కట్టుకునే కుటుంబం సింహద్వారానికి ఏ కలప వాడాలా అని నెలల తరబడి ఆలోచిస్తుంది. నేలకు గ్రానైటు పరచాలా, టైల్సు వేయాలా అని బంధుమిత్రులందరినీ సంప్రదిస్తుంది. కిటికీల విషయం మాత్రం గోడలు నడుమెత్తు లేచిన తరువాత, మేస్త్రీ వచ్చి "కిటికీలు ఏ రకం పెట్టమంటారు సాబ్?" అని అడిగిన నాడు గాని గుర్తుకు రాదు. అప్పటికప్పుడు, ఇసుక కుప్ప పక్కన నిలబడే ఏదో ఒక సమాధానం చెప్పివేయడం జరుగుతుంది. ఆ ఒక్క మాటతో ఆ ఇంటి స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ముప్పై నలభై సంవత్సరాలు సహజీవనం చేయవలసి ఉంటుంది.

మన పట్టణాలలోని మొహల్లాలను ఒకసారి పరికించి చూడండి. హైదరాబాద్ పాతబస్తీ కావచ్చు, కర్నూలు కావచ్చు, కడప, గుంటూరు, విజయవాడ కావచ్చు. గల్లీకి ఇరువైపులా లేచిన ఇళ్ళలో చాలా కిటికీలు పగలంతా మూసే ఉంటాయి. కొన్నింటి అద్దాలకు కాగితాలు అంటించి ఉంటాయి. కొన్నింటికి దళసరి పరదాలు శాశ్వతంగా వేలాడుతుంటాయి. మరికొన్నింటికి లోపలి నుండి బీరువానే అడ్డుపెట్టి ఉంటారు. కారణం అడిగితే అందరూ చెప్పేది ఒక్కటే: ఎదురింటి వారి కిటికీ చేతికి అందేంత దూరంలో ఉంది, తెరిస్తే వారికి మేము, మాకు వారు కనబడతాము. ఫలితంగా ఆ గదుల్లో వెలుతురు ఉండదు, గాలి ఆడదు. వంటింటి పొగ అక్కడే సుడులు తిరుగుతుంది. గోడలకు చెమ్మ పడుతుంది. ఉబ్బసం ఉన్న పెద్దవారు రాత్రంతా కూర్చొని తెల్లవారజేస్తారు. ఇదంతా పరదా పాటించడం వల్ల కలిగిన ఇబ్బంది అని కొందరు భావిస్తారు. మేము అలా భావించడం లేదు. ఆ గోడకు తగని కిటికీని, తగని ఎత్తులో పెట్టడం వల్ల కలిగిన ఇబ్బంది ఇది. మూయక తప్పని కిటికీ గోడతో సమానమే. కాబట్టి కిటికీని ఎంచుకునే ముందు, అది తెరిచి ఉంచగలిగినదేనా అన్న ప్రశ్నను అన్నింటికన్నా ముందు వేసుకోవాలి.

ప్రస్తుతం మన ముందున్న ప్రధాన ఎంపిక రెండు రకాల మధ్య. మొదటిది మనకు తరతరాలుగా తెలిసినదే. చౌకట్టుకు ఒక పక్కన మడతబందులు బిగించి, తలుపు మాదిరిగా పక్కకు తెరుచుకునే రెక్క. వ్యాపారులు దీనిని కేస్‌మెంట్ అంటారు. మనం ఇక్కడ పక్కబందు కిటికీ అందాము. రెండవ దానికి బందులు పైభాగాన ఉంటాయి. రెక్క అడుగు అంచును బయటికి నెడితే అది దుకాణం ముందు పందిరిలాగా ఏటవాలుగా లేచి నిలబడుతుంది. దీనిని ఆనింగ్ అని, దుకాణాలలో ఎక్కువగా టాప్ హంగ్ అని వ్యవహరిస్తారు. దీనిని పైబందు కిటికీ అందాము. స్నానాల గదుల వెంటిలేటర్లుగా వీటిని అందరూ చూసే ఉంటారు. వాటి ఉపయోగం స్నానాల గదికే పరిమితం అనుకోవడం వల్లనే చాలా ఇళ్ళు నష్టపోతున్నాయి.

ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే జరుపుడు కిటికీని, అంటే స్లైడింగును, మేము ఈ చర్చ నుండి త్వరగానే పక్కన పెడుతున్నాము. అది చోటు తినదు, చవకగా దొరుకుతుంది, దోమతెరకు అనుకూలం. అయితే రెండు పలకల కిటికీలో ఒకదాని వెనుకకు మరొకటి జరగవలసిందే గనుక, గోడలో ఎంత ఖాళీ వదిలినా గాలికి దక్కేది అందులో సగమే. అడుగున ఉండే పట్టాల గాడిలో దుమ్ము, వాన నీరు నిలుస్తాయి. తక్కిన రెండు రకాలలో మూసిన రెక్క రబ్బరు అంచుకు గట్టిగా అదిమి కూర్చుంటుంది. జరుపుడు పలకలో ఆ బిగువు ఉండదు.

గాలి లెక్క

పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల పడక గదిని ఉదాహరణగా తీసుకుందాము. నేల వైశాల్యం 120 చదరపు అడుగులు. భారత జాతీయ భవన నియమావళి ప్రకారం వేడి, పొడి వాతావరణం గల ప్రాంతాలలో గదికి గాలి వచ్చే ఖాళీలు నేల వైశాల్యంలో పదో వంతుకు తగ్గరాదు. వేడితో పాటు ఉక్కపోత గల ప్రాంతాలలో ఆరో వంతుకు తగ్గరాదు. అంటే అదే గదికి పొడి ప్రాంతంలో 12 చదరపు అడుగులు, మచిలీపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు ఉక్కలో 20 చదరపు అడుగులు కావాలన్న మాట. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు గల ఒక కిటికీ 20 చదరపు అడుగులు. దానికి రెండు పక్కబందు రెక్కలు పెడితే చౌకట్టు పోను దాదాపు అంతా తెరుచుకుంటుంది. జరుపుడు పలకలు పెడితే పది అడుగులే మిగులుతాయి. పైబందు రెక్క పెడితే గోడలోని ఖాళీ అదే అయినా, రెక్క కొంత మేరకే లేస్తుంది గనుక గాలి అడుగు నుండి, రెండు పక్కల సందుల నుండి దూరి రావాలి. అంత ధారాళంగా రాదు. కాబట్టి పడక గదికి, కూర్చునే గదికి ప్రధానమైన కిటికీగా పక్కబందు కిటికీకి సాటి లేదన్నది మా అభిప్రాయం.

దీనికి మరొక గుణం ఉంది. చాలామంది దానిని గమనించరు. గాలి ఎప్పుడూ కిటికీకి ఎదురుగానే వీచదు. ఇరుకు సందుల్లో అది గోడ వెంబడి పారుతూ పోతుంది. అలాంటప్పుడు బయటికి నిలువుగా తెరిచి ఉంచిన రెక్క చెయ్యి చాచి ఆపినట్టు ఆ గాలిని ఆపి గదిలోకి మళ్ళిస్తుంది. అయితే బందులు సరియైన పక్కన ఉండాలి. గాలి ఎడమ నుండి కుడికి పారే గోడలో రెక్క కుడి అంచుకు బిగిస్తే గాలి లోపలికి వస్తుంది. ఎడమ అంచుకు బిగిస్తే అదే రెక్క గాలికి అడ్డుగోడ అవుతుంది. వడ్రంగి సాధారణంగా ఈ ప్రశ్న అడగడు. మనమే చెప్పాలి. ఇంటి స్థలంలో ఒక గుడ్డపీలికను కర్రకు కట్టి నాలుగైదు సాయంత్రాలు చూస్తే సంగతి తెలిసిపోతుంది.

గాలిని పట్టి ఇంట్లోకి దింపుకోవడం ముస్లిం జగత్తుకు కొత్త విద్య కాదు. ఇరాన్‌లోని యజ్ద్ నగరపు బాద్‌గీర్ గోపురాలు, కైరోలో పాత ఇళ్ళ మల్కఫ్‌లు ఇందుకు ప్రసిద్ధి. మన హైదరాబాద్ కాదు గాని, సింధు ప్రాంతంలోని హైదరాబాద్ నగరంలో ఒకప్పుడు ఇళ్ళ కప్పుల మీద వరుసగా గాలి తొట్లు నైరుతి వైపు నోరు తెరుచుకొని ఉండేవి. ఆ ఛాయాచిత్రాలు చూస్తే ఊరంతా ఒకే దిక్కుకు ముఖం తిప్పి కూర్చున్నట్టు అనిపిస్తుంది. కైరోలోనే చెక్క జల్లెడతో వీధి మీదికి పొడుచుకు వచ్చే మష్రబియ్యా కిటికీలు గాలిని రానిచ్చి, చూపును ఆపేవి. మన హైదరాబాదు ఇళ్ళలో వేలాడే వెదురు చిల్‌మన్ కూడా ఆ పనే చేసేది. ఈ ఏర్పాట్లు చేసినవారికి పరదా, గాలి రెండూ కావాలి. ఒకదాని కోసం మరొకదానిని వదులుకోలేదు.

వాన మాట

పైబందు కిటికీ తన సత్తా చూపేది వానాకాలంలో. ఏటవాలుగా లేచిన రెక్క తానే ఒక చిన్న చూరు. నిట్టనిలువుగా పడే వాన దాని మీదుగా జారి బయటే పడిపోతుంది. అడుగు సందు నుండి చల్లగాలి వస్తూనే ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు తెలంగాణలో, రాయలసీమలో పడమటి గాలులు వీచే రోజులలో, రాత్రివేళ ఎవరూ లేచి కిటికీ మూయనవసరం లేకుండా నిద్రపోవచ్చు. వాన మొదలు కాగానే ఇంటి నాలుగు మూలలకూ పరుగెత్తి కిటికీలు మూసేది ఎవరో మనకందరికీ తెలుసు. ఆ పరుగులు తగ్గడం చిన్న సౌకర్యమేమీ కాదు. అయితే జల్లు కొట్టే గాలివానలో ఏ రెక్క అయినా మూయవలసిందే. నెల్లూరు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యం నుండి కొట్టే వానకు పైబందు అని, పక్కబందు అని భేదం లేదు.

పక్కబందు కిటికీ పైన మాత్రం లింటెల్ వరుసలోనే ఒకటిన్నర, రెండు అడుగుల చజ్జా తప్పనిసరి. చజ్జా ఖర్చు మిగుల్చుకొని నున్నటి గోడలు లేపిన కొత్త ఇళ్ళలో తొలి వానకే పరుపులు తడవడం, రెండో వానాకాలానికి చెక్క ఉబ్బి రెక్క పడకపోవడం మేము చాలా చోట్ల చూశాము.

చూపు మాట

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా, సలాము చేయకుండా ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 27వ ఆయతులో ఆదేశించింది. ఇంట్లోకి తొంగి చూడడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తీవ్రంగా గర్హించారు. ఈ విషయాలు మన పాఠకులకు తెలిసినవే. వాటి వెలుగులో ధర్మవేత్తలు కిటికీ గురించి ఎంత సూక్ష్మంగా ఆలోచించారో మాత్రం చాలామందికి తెలియదు.

ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 - 1876 మధ్య, అహ్మద్ జెవ్‌దెత్ పాషా నాయకత్వంలో, హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా మజల్లా అనే పౌర ధర్మశాసనం కూర్చబడింది. దాని 1202వ అధికరణం అచ్చంగా మన సమస్యనే చర్చిస్తుంది. వంటగది, బావిగట్టు, ఇంటి ముంగిలి వంటి స్త్రీలు మసలే చోట్లు కనబడేలా పొరుగువాడు కొత్తగా కిటికీ తెరిస్తే అది తీవ్రమైన హాని కిందికే వస్తుంది. దానిని తొలగించమని అతన్ని ఆదేశించవచ్చు. ఎలా తొలగించాలి? గోడ గాని, చెక్క తడిక గాని అడ్డుపెట్టి చూపును ఆపాలి. కిటికీని పూర్తిగా పూడ్చివేయమని మాత్రం నిర్బంధించే వీలు లేదు. దాని తరువాతి అధికరణం మరింత ఆసక్తికరమైనది. మనిషి నిలువెత్తుకు పైన ఉన్న కిటికీని మూయమని పొరుగువాడు అడగలేడు. నిచ్చెన వేసుకొని చూస్తాడేమో అన్న అనుమానం చాలదు.

ఈ రెండు నియమాలను కలిపి చదివితే వారి దృష్టి ఏమిటో బోధపడుతుంది. చూపును ఆపాలి, గాలిని ఆపరాదు. అడ్డుకోవలసినది కిటికీని కాదు, కిటికీలో నుండి పోయే చూపును. మరొక సంగతి కూడా గమనార్హం. అక్కడ బాధ్యత మోపబడింది కనబడే స్త్రీ మీద కాదు, కిటికీ తెరిచినవాని మీద. మనమేమో మన ఇల్లు ఎదుటివారికి కనబడకూడదని మాత్రమే ఆలోచిస్తాము. మన కిటికీ వల్ల ఎదుటివారి ఇల్లు కనబడుతున్నదా అని ఆలోచించేవారు అరుదు. అలాంటి అరుదైన ఒక పెద్దావిడ తన ఇల్లు కట్టించుకుంటూ వడ్రంగితో మాట్లాడుతుండగా మేము విన్నాము.

"ఆచారీ, వంటింట్లో ఆ పక్క పెద్ద కిటికీ వద్దు నాయనా. పొరుగింటి కోడలు గిన్నెలు కడుక్కునేది అక్కడే."

"మరి పొగ ఎట్టా పోద్దమ్మా?"

"పైన పెట్టు. పొడుగ్గా, అడ్డంగా పెట్టు. రెక్క పైకి లేచేట్టు పెట్టు. నువ్వు నిలబడి చూసినా అవతల ఆకాశమే కనబడాల."

ఆ వంటింటి కిటికీని మేము తరువాత చూశాము. నేల నుండి సుమారు ఆరడుగుల ఎత్తున మొదలై ఏడున్నర అడుగుల ఎత్తున ముగుస్తుంది. వెడల్పు నాలుగడుగులు. మసక అద్దం బిగించిన ఒకే పైబందు రెక్క. పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి అవతలి ముంగిలి కనబడదు. అవతలి వారికి ఈమె కనబడదు. వేడి గాలి, ఆవిరి పైకి పోయేవే గనుక నేరుగా దాని దారినే పోతున్నాయి. రెక్క పిడి అడుగు అంచుకే ఉండడం వల్ల చెయ్యెత్తితే అందుతున్నది. ఇంకా ఎత్తున పెట్టవలసి వస్తే కొనకు కొక్కెం ఉన్న కర్ర ఒకటి కావాలి. పాత బడులలో, రైల్వే భవనాలలో నడుమ ఇరుసు మీద తిరుగుతూ, తాడు లాగితే మూసుకునే వెంటిలేటర్లను గుర్తు తెచ్చుకోండి.

పైబందు రెక్కకు పడక గదులలో కూడా ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. ఇప్పుడు ఒక అంతస్తు ఇంటి పక్కన నాలుగు అంతస్తుల కట్టడాలు లేస్తున్నాయి. పై నుండి కిందికి వచ్చే చూపుకు, ఏటవాలుగా లేచిన మసక అద్దపు రెక్క పందిరిలాగా అడ్డుపడుతుంది. కింద గల్లీలో నిలబడినవాడు తలెత్తి చూసినా ఆ సందులో నుండి గది లోకప్పు తప్ప మరేమీ కనబడదు. పక్కబందు కిటికీ తెరిస్తే ఈ రక్షణ ఉండదు. దానికి కూడా ఒక ఉపాయం లేకపోలేదు. ఎదురింటి కిటికీ మనకు నేరుగా కాక కాస్త పక్కకు ఉంటే, ఆ వైపు అంచుకే బందులు పెట్టి మసక అద్దం వేస్తే, తెరిచిన రెక్కే తడికగా నిలుస్తుంది. గాలి కోసం బందులు ఒక పక్కన, చూపు కోసం మరొక పక్కన పెట్టవలసి వచ్చినప్పుడు మేమైతే చూపుకే ప్రాధాన్యమిస్తాము. చూపు సోకే కిటికీని ఇంటివారు ఎలాగూ మూసే ఉంచుతారు. మూసిన కిటికీకి గాలి ఏ దిక్కు నుండి వీస్తే ఏమి?

రంగుటద్దాల విషయంలో ఒక హెచ్చరిక. బయటి నుండి అద్దంలా మెరుస్తూ లోపలిది కనబడనివ్వని అద్దాలను చాలామంది పరదాకు ప్రత్యామ్నాయంగా వేయించుకుంటున్నారు. అవి పగటికే పరిమితం. వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నుండి మాత్రమే అవి అద్దంలా కనబడతాయి. మగ్రిబ్ దాటి ఇంట్లో దీపాలు వెలిగిన తరువాత సంగతి తలక్రిందులవుతుంది. లోపలివారికి తమ ప్రతిబింబమే కనబడుతుంది, వీధిలోని వారికి గదంతా కనబడుతుంది. పైగా ఏ అద్దమైనా తెరిచినప్పుడు పరదా కాదు. మసక అద్దానికి మాత్రం పగలు, రాత్రి భేదం లేదు. అయితే దీపం వెనుక నిలబడితే నీడ కనబడుతుందని మరువరాదు.

ప్రాణం మాట

ఇంతవరకు చెప్పినది చదివి ఇంటికంతటికీ ఎత్తైన పైబందు కిటికీలే మేలని ఎవరైనా అనుకోవచ్చు. మేము అందుకు సమ్మతించము. రెండు కారణాలు ఉన్నాయి, రెండూ ప్రాణానికి సంబంధించినవే.

మొదటిది వంటగ్యాసు. మన సిలిండర్లలోని గ్యాసు గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు, నీటిలాగా నేల మీద పరుచుకుంటుంది. ఎత్తున ఉన్న కిటికీ పొగను, ఆవిరిని పంపగలదు గాని కారిన గ్యాసును పంపలేదు. అందువలన వంటగదికి ఎత్తైన కిటికీతో పాటు నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఒకటి ఉండాలి. బయటికి తెరుచుకునే తలుపు ఉంటే మరీ మంచిది. లేకపోతే గోడ అడుగున జాలీ బిగించిన రంధ్రమైనా ఉండాలి. వాసన పసిగట్టినప్పుడు రెగ్యులేటరు కట్టివేసి, విద్యుత్ స్విచ్చులేవీ ముట్టకుండా తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరవాలి. ఈ సంగతి ఇంట్లో పిల్లలకు సైతం నేర్పి ఉంచాలి.

రెండవది నిప్పు. అగ్నిప్రమాదంలో ద్వారం వైపు మంటలు ఉన్నప్పుడు మనిషి బయటపడగలిగేది కిటికీ నుండే. పైబందు రెక్క ఎంత లేచినా దాని అడుగు సందులో నుండి పెద్దమనిషి దూరడం కష్టం. రెండడుగుల పక్కబందు రెక్క నుండి దిగగలడు. అయితే మన ఇళ్ళలో కిటికీకి గ్రిల్ ఉంటుంది. దొంగల భయానికి, పసిపిల్లలు పడిపోతారన్న భయానికి అది కావాలి, కాదనలేము. ఊచల మధ్య ఎడం నాలుగు అంగుళాల లోపు ఉంటే పిల్లల తల దూరదు. అయినా ప్రతి అంతస్తులో కనీసం ఒక పడక గది కిటికీకి, బందులు వేసి తాళంతో తెరిచే గ్రిల్ పెట్టించండి. తాళంచెవి ఆ గోడకే, పసివారికి అందని ఎత్తులో, ఇంట్లో అందరికీ తెలిసేలా వేలాడదీయండి. గదులన్నింటికీ ఇనుప ఊచలను గోడలోకి పోత పోసి, రాత్రి లోపలి నుండి ద్వారానికి తాళం వేసుకొని నిద్రించే ఇళ్ళను చూసినప్పుడు మాకు నిజంగా దిగులు కలుగుతుంది.

ఈ గ్రిల్ వల్లనే మన కిటికీలకు మరొక చిక్కు ఉంది. గ్రిల్ లోపలి వైపు, రెక్క బయటి వైపు ఉంటాయి. దోమతెర కూడా కావాలంటే అది గ్రిల్‌కు కూడా లోపల ఉండాలి. అప్పుడు రెక్కను తెరవడానికి ముందు దోమతెరను తొలగించాలి, ఊచల సందులో చెయ్యి పెట్టాలి, రెక్కను నెట్టాలి. తెరను చౌకట్టుకు శాశ్వతంగా మేకులు కొట్టి బిగించే పొరపాటు వల్ల రెక్క ఉన్నది ఉన్నట్టే ఉండిపోయిన ఇళ్ళు ఎన్నో. దోమతెరకు కూడా చిన్న చట్రం కట్టి, గదిలోకి తెరుచుకునే బందులు పెట్టించుకోవడం ఒక మార్గం. పైకి చుట్టుకుపోయే తెర మరొక మార్గం. పైబందు కిటికీకి చుట్టుకుపోయే తెర బాగా కుదురుతుంది. అడుగున కాస్త పైకెత్తి పిడి పట్టుకుంటే చాలు.

తుఫాను తీరంలో ఉండేవారికి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో పగిలిన అద్దాలకు లెక్క లేదు. బయటికి తెరుచుకునే రెక్క రెండు రకాలలోనూ గాలి ఒత్తిడికి చౌకట్టు మీదికే అదిమి మూసుకుంటుంది. ఇది మేలైన గుణం. అయితే తెరిచి ఉంచిన పైబందు రెక్క కిందికి పెనుగాలి దూరితే గొడుగును తిరగేసినట్టు ఎత్తివేస్తుంది. తెరిచిన పక్కబందు రెక్క గోడకు కొట్టుకొని అద్దం పగులుతుంది. హెచ్చరిక రాగానే రెండింటినీ గడియలు వేసి బిగించవలసిందే. మామూలు ఈదురుగాలులకు మాత్రం పక్కబందు రెక్కకు కొక్కెం, లేదా ఏ కోణంలోనైనా పట్టి నిలిపే స్టే తప్పనిసరిగా ఉండాలి.

మరొక ఇబ్బంది గల్లీవారిది. నడిచేవారి తల ఎత్తులో దారి మీదికి తెరుచుకునే రెక్క, చీకట్లో నడిచే వృద్ధుని కంటికి తగిలితే? దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడాన్ని విశ్వాసపు శాఖలలో ఒకటిగా నేర్పిన ధర్మం మనది. దారిని ఆనుకొని ఉన్న కింది అంతస్తు గోడకు తల ఎత్తు దాటిన పైబందు కిటికీయే ఉచితం. పక్కబందు పెట్టక తప్పనప్పుడు రెక్క మన ప్రహరీ లోపలే తిరిగేలా గోడను వెనక్కు జరుపుకోవాలి.

కొలతలు, బేరం

ఆకారం విషయంలో సూత్రం తేలిక. పక్కబందు రెక్క బరువంతా ఒక పక్కనున్న బందుల మీదే వేలాడుతుంది గనుక అది పొడవుగా, సన్నగా ఉండాలి. రెండడుగుల వెడల్పు మించితే కొన్నేళ్ళకు కొన జారి చౌకట్టుకు రాసుకుంటుంది. పైబందు రెక్క బరువు పై అంచు పొడుగునా పరుచుకుంటుంది. అది అడ్డంగా, పొట్టిగా ఉంటే బాగుంటుంది. అద్దం ఎత్తు పెరిగేకొద్దీ స్టేల మీద భారం పెరిగి, పట్టు జారి వేళ్ళ మీద పడే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో స్టేలకు డబ్బు తగ్గించరాదు.

రెండింటినీ ఒకే చౌకట్టులో కలపవచ్చు. కింద రెండు పక్కబందు రెక్కలు, పైన అడ్డంగా ఒక పైబందు రెక్క. మన తాతల ఇళ్ళలో కిటికీ పైన ఉండిన చిన్న వెంటిలేటరు ఇదే. లోకప్పు ఎత్తు తగ్గడంతో అది మాయమైంది. కింది రెక్కలు మూసి పరదా వేసుకున్న వేళ కూడా పై రెక్క తెరిచే ఉంటుంది. వేడి గాలి గది పైభాగాన్నే చేరుతుంది గనుక దానికి అక్కడే దారి దొరుకుతుంది. పడక గదికి ఒక్క కిటికీకే చోటున్న ఇరుకు స్థలాలలో మేము సూచించేది ఈ కలయికనే. వీలైతే ఎదురు గోడలో, తలుపు పైన అయినా సరే, మరొక చిన్న పైబందు రెక్క పెట్టించండి. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి లేకపోతే ఎంత పెద్ద కిటికీ అయినా వృథా.

కలపకు టేకు మేలు. వేప కూడా చక్కగా ఆరినదైతే చెద పట్టకుండా నిలుస్తుంది. యూపీవీసీ కొనేవారు పైకి తెల్లగా ఉన్నదని సంతృప్తి పడక, బొందు లోపల ఇనుప పట్టీ ఉన్నదో లేదో కోసిన ముక్కను చూపించమని అడగాలి. అల్యూమినియం తేలిక, చెమ్మకు పాడవదు గాని పడమటి ఎండకు వేడెక్కుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో బందులు, మరలు తుప్పు పట్టని ఉక్కువే వాడాలి. రెక్క నూరేళ్ళు బతికినా బందు మూడేళ్ళకే పోయిన కిటికీ ఎవరికి కావాలి? గోడకు సిమెంటు పూత పూర్తయిన తరువాతే తుది కొలతలు ఇవ్వండి. పూతకు ముందు ఇచ్చిన కొలతలకు రెక్కలు తయారై వచ్చాక గోడ చెక్కడం, సందులు సిమెంటుతో పూడ్చడం, ఆ సందుల నుండి చెమ్మ దిగడం వరుసగా జరుగుతాయి.

అద్దె ఇళ్ళలో ఉండేవారు మా ఇల్లు కాదు కదా అని నిట్టూర్చనవసరం లేదు. ఉన్న కిటికీ కింది సగానికి, కంటి ఎత్తు వరకు, మసక కాగితం అంటించి పై సగం తెరిచి ఉంచుకోవచ్చు. నిలువు పరదాకు బదులు చౌకట్టు సగం ఎత్తున ఒక కడ్డీ వేసి పొట్టి పరదా కట్టుకుంటే పైన గాలికి చోటు మిగులుతుంది. కిటికీ బయట చజ్జాకు చిల్‌మన్ వేలాడదీసి, దాని అడుగు కొనలను రెండు తాళ్ళతో ముందుకు లాగి గ్రిల్‌కు దూరంగా కట్టితే అదే పైబందు రెక్క. అవసరం లేనప్పుడు చుట్టి పైకి కట్టేయవచ్చు, ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు.